విధ్వంసక నేరములు – క్షమాభిక్ష

ఒక దేశము పరపాలననుండి విడివడిన మరునాడే దాని కొత్త పాలకులకు చిక్కుప్రశ్న యొకటి ఎదురగును. చెరసాలలలో మిగిలియున్నవారిలో అనేకులు నిన్నటివరకు వారి సహచరులే. వారిలో ఉపన్యాసములిచ్చి శిక్షపడినవారున్నారు. సత్యాగ్రహము చేసి లాఠీదెబ్బలు తిన్నవారున్నారు. వీరి విడుదలను గూర్చి ఎవరికిని సందేహముండదు. కాని తంతితీగెలు కోసినవారు, రైలుస్టేషనులకు నిప్పంటించినవారు, తపాలా కార్యాలయములను పాడుచేసినవారు కూడ ఆ గోడలవెనుకనే ఉందురు. వీరిని విడిచిపెట్టవలయునా? విడిచినచో ఏ న్యాయముచేత? విడువనిచో ఏ ముఖముతో? ఈ ప్రశ్న మన తెలుగుదేశమునకు ఒక్కసారి కాదు, పలుమార్లు ఎదురైనది. ఎదురైన ప్రతిసారియు మనము ఒకే జవాబు చెప్పలేదు. ఆ తేడా ఎక్కడిదో విచారించుటయే మా యుద్దేశము.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. కచేరీలలోను, పత్రికలలోను దీనికి 'క్షమాభిక్ష' యను పేరు స్థిరపడినది. ఆ పేరులోనే చిక్కున్నది. భిక్ష పెట్టువాని దయ. పుచ్చుకొనువానికి దానిపై హక్కు లేదు. పెట్టువాడు వాకిట నిలిచినవారిలో తనకు నచ్చినవానికి పెట్టును, నచ్చనివానిని పైయింటికి పొమ్మనును. రాజ్యము చూపు క్షమ ఇట్టిది కారాదు. అది ఒక పోరాటపు లెక్కలను ముగించుటకై ప్రజల పేర జరుగు నిర్ణయము. దానికి ముందుగా ప్రకటించిన నియమములుండవలయును. ఆ నియమములు అందరికిని ఒక్కటిగా వర్తింపవలయును. లేనిచో అది గెలిచినవాడు తనవారికి పంచుకొను పంపకమే యగును.

1942 ఆగస్టు 8వ తేదీన బొంబాయిలో అఖిలభారత కాంగ్రెసుసంఘము 'క్విట్ ఇండియా' తీర్మానము గావించెను. మరునాటి తెల్లవారుజామున గాంధీజీ మొదలుగాగల నాయకులను ప్రభుత్వమువారు నిర్బంధించిరి. తల లేని ఉద్యమము వీధులకెక్కెను. 12వ తేదీన తెనాలిలో జనము రైలుస్టేషనుమీద పడి తగులబెట్టగా, పోలీసు కాల్పులలో ఏడుగురు ప్రాణములు కోల్పోయిరి. ఆ పట్టణములోని రణరంగచౌకు వారి జ్ఞాపకచిహ్నమే. 17వ తేదీన భీమవరమున కాల్పులు జరిగెను. దేశమంతటను 1943 ముగియునప్పటికి 90,000 మందికి పైగా నిర్బంధితులైరి. 945 తపాలా కార్యాలయములు, 300కు మించిన రైలుస్టేషనులు నాశనమగుటయో తీవ్రముగా దెబ్బతినుటయో సంభవించెను. ప్రభుత్వమువారు సామూహిక జరిమానాల ఆర్డినెన్సును తెచ్చి, చేసినవాడెవడో తేలకున్నను ఊరివారందరి నెత్తిన జరిమానా వేయు అధికారము పొందిరి. తీగె కోసినవాడు చీకటిలో తప్పించుకొనగా, పన్ను కట్టు రైతు, అంగడి తెరచు వర్తకుడు పగటివేళ సొమ్ము చెల్లించిరి.

ఈ కార్యములలో మన రాష్ట్రమునకు ప్రత్యేకమైన పాత్ర యొకటి కలదు. ఆ యేడు జూలై 29వ తేదీన ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసుసంఘము పక్షమున వెలువడిన సర్క్యులరు, కళా వెంకటరావుగారి పేరుతో ముడిపడియున్నది, తీగెలు కోయుటను కార్యక్రమములో చేర్చెను. కాని అదే కాగితము పట్టాలు తీయరాదనియు, ఎవరి ప్రాణమునకును అపాయము కలుగరాదనియు కట్టడి చేసెను. ప్రభుత్వమువారు ఆ కాగితమును పట్టుకొని, అల్లరులకు కాంగ్రెసే బాధ్యురాలని లోకమునకు చాటిరి. మనవారు దానిలోని కట్టడిని చూపి సమాధానము చెప్పుకొనిరి. ఇందులో గమనింపదగినది ఒక్కటి. వస్తువునకు చేయు హానికిని, మనిషికి చేయు హానికిని నడుమ గీత గీయవలయునన్న ఎరుక, ఆ పని తలపెట్టినవారికే ఉండెను. ఆ గీత ఎల్లెడల నిలువలేదు. తీగె తెగినచోట కబురు నిలుచును, కబురు నిలిచినచోట బండికి ప్రమాదము వచ్చును. గాంధీజీ 1944 మే 6వ తేదీన విడుదలయైన పిమ్మట రహస్య విధ్వంసమును తాము అంగీకరింపమని చెప్పి, అజ్ఞాతవాసములో నున్నవారు బయటికి వచ్చి తమ్ముతాము తెలుపుకొనుట మేలని సలహా యిచ్చిరి. చేసిన పనిని దాచి మహిమ పొందుటకంటె, ఒప్పుకొని ఫలితమునకు సిద్ధపడుట గొప్పదన్నదే వారి భావము. క్షమను గూర్చి ఆలోచించువారు మరువరాని మాట యిది.

1946 ఏప్రిల్ 30వ తేదీన టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రులైరి. రాజకీయఖైదీలు విడుదలైరి. ఊరూర స్వాగతములు జరిగెను. అట్లు విడుదలైనవారిలో అతికఠినమైన కేసులవారును గలరు. తిరునల్వేలి జిల్లా కులశేఖరపట్టణమున 1942 సెప్టెంబరులో ఉప్పుశాఖాధికారి లోన్ చంపబడెను. ఆ కేసులో రాజగోపాలన్, కాశీరాజన్ అను యువకులకు ఉరిశిక్ష పడెను. అది యావజ్జీవ శిక్షగా మారెను. 1946లో వారు బయటికి వచ్చిరి. ఉరికంబమునుండి ఆ యువకులను తప్పించుట సరియైన పనియే యని మేము నేడును చెప్పుదుము. కాని చంపబడినవాడు పరాయి జాతివాడైనంతమాత్రమున అతని ప్రాణము లెక్కలోనికి రాదని చెప్పజాలము. విడుదలైనవారి పేర్లను మనము తలచుకొన్నంతగా ఆ మృతుని తలచుకొనలేదు. క్షమ చూపిన దినమున రక్తము చిందిన సంగతిని కూడ పైకి చెప్పియున్నచో, ఆ క్షమకు గౌరవము హెచ్చియుండెడిది.

ఇంతకంటె విచిత్రమైన ఘట్టము తరువాత వచ్చినది. నిర్బంధితుల సంకెలలు విప్పిన మంత్రివర్గమే, ఏడాది తిరుగకమునుపే, 1947 జనవరిలో ప్రజాశాంతి పరిరక్షణ ఆర్డినెన్సు తెచ్చి, విచారణ లేకుండ నిర్బంధించు అధికారమును చేతబట్టినది. ఆ నెలలోనే కమ్యూనిస్టులను పట్టి చెరలో వేసిరి. 1950 ఫిబ్రవరి 11వ తేదీన సేలము జైలులో జరిగిన కాల్పులలో 22 మంది ఖైదీలు చనిపోయిరి. అప్పటికి దేశము స్వతంత్రమై రెండున్నరేండ్లు. గణతంత్రమై పదునారు దినములు. జైలు గోడలు మారలేదు; తాళపుచెవులు పట్టినవారు మాత్రము మారిరి. 1942లో తీగె కోసినవాడు దేశభక్తుడు, 1948లో కోసినవాడు దేశద్రోహి యని ఎవరైన చెప్పినచో, 'కారణమేమి?' యని అడుగు హక్కు ప్రజలకు కలదు.

ఈ ప్రశ్నకు జవాబు మన పెన్నాతీరముననే వెదకవచ్చును. బుచ్చిరెడ్డిపాలెమున 1907లో బెజవాడ గోపాలరెడ్డిగారు జన్మించిరి. అదే కోవూరు తాలూకా పల్లెయైన అలగానిపాడున 1913లో పుచ్చలపల్లి సుందరయ్యగారు జన్మించిరి. ఇరువురును భూవసతిగల రెడ్డి కుటుంబములవారు. ఇరువురును గాంధీజీ పిలుపును విని బాల్యయౌవనములలోనే దేశసేవకు దిగినవారు. ఒకరు 1937లోనే రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున మంత్రియైరి. తరువాత చెరకు పోయి, మరల మంత్రియైరి. రెండవవారు కమ్యూనిస్టులై, తెలంగాణ సాయుధపోరాటమునకు నాయకత్వము వహించి, యేండ్లతరబడి అజ్ఞాతవాసము చేసిరి. 1951 అక్టోబరులో ఆ పోరాటము విరమింపబడెను. 1952లో సుందరయ్యగారు రాజ్యసభకు వెళ్లిరి. 1955లో గోపాలరెడ్డిగారు ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రులుగా నున్న శాసనసభలోనే, గన్నవరమునుండి ఎన్నికైన సుందరయ్యగారు ఎదుటి వరుసలో కూర్చుండిరి. ఒకే తాలూకా బిడ్డలు ఇరువురు, చేత ఆయుధము లేకుండ, పద్దులను గూర్చి వాదించుకొనిరి. క్షమవలన రాజ్యమునకు కలుగు లాభమిది. వెంటాడి చంపియున్నచో గాని, జీవితాంతము చెరలో నుంచియున్నచో గాని ఈ వాదము మనకు దక్కియుండునా?

ఇది ఒక్కరి కథ కాదు. అల్లూరి సీతారామరాజు నడిపిన 1922-24 నాటి మన్యపు తిరుగుబాటులో పోలీసుఠాణాలపై పడినవారిలో ఒకరగు గాం మల్లుదొర, అండమాను చెరనుండి తిరిగివచ్చి, 1952లో విశాఖపట్టణమునుండి లోక్‌సభకు ఎన్నికైరి. అదే ఎన్నికలలో నల్లగొండనుండి నిలిచిన రావి నారాయణరెడ్డిగారికి పండిట్ నెహ్రూగారికంటె నెక్కువ ఓట్లు పడెను. హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానములు ఉరిశిక్ష విధించిన పండ్రెండుగురు తెలంగాణ రైతులకు, దేశవిదేశములలో జరిగిన ఆందోళన పిమ్మట, ఉరి తప్పినది. వీరిని బ్రతుకనిచ్చినందున దేశము కూలిపోలేదు.

ఇక్కడ మా పాఠకులలో భూస్వాములైన పెద్దలు ఒక ఆక్షేపణ తెత్తురని ఎరుగుదుము. "రైలుస్టేషను సర్కారు సొత్తు, ధాన్యపుకొట్టు మా సొత్తు. తెల్లదొర తీగె కోయుట వేరు, రైతు ఇంటి దస్తావేజులు తగులబెట్టుట వేరు" అని వారందురు. ఈ ఆక్షేపణ తోసివేయదగినది కాదు. తెలంగాణలో కొట్లు పగిలినవి, పత్రములు బూడిదయైనవి, మనుష్యులును హతులైరి. రజాకారుల చేతను, ఆపైన సైన్యము చేతను పేదరైతులును హతులైరి. కాని స్టేషను మాత్రము ఎవరి సొమ్ముతో కట్టినది? మన పన్నులతో కట్టినదే గదా! దానిని కాల్చినవారిని మన ఇంటిబిడ్డలని పూలదండలతో ఎదుర్కొనిన మనము, మన కొట్టు పగిలినప్పుడు మాత్రము ధర్మశాస్త్రము తీసినచో లోకము నవ్వును. నష్టము మనది కానప్పుడు క్షమించుట సులభము. నష్టము మనదైనప్పుడు క్షమించుటయే పరీక్ష.

ఇంకొక ఆక్షేపణ దీనికంటె బలమైనది. పరపాలనలో మార్గాంతరము లేదు, స్వరాజ్యములో ఓటున్నది, ఓటున్నచోట విధ్వంసమునకు సమర్థన లేదు. ఈ మాట నిజము. మేమును దీనిని నమ్ముచున్నాము. కాని తారీఖులు చూడవలయును. నిజాము రాజ్యమున రైతుకు ఓటు లేదు. 1948 సెప్టెంబరు 17 పిమ్మట వచ్చినది సైనికపాలన. తెలంగాణ రైతు చేతికి వయోజన ఓటు తొలిసారి వచ్చినది 1952 ఎన్నికలలో. కావున ఓటు రాకముందు చేసిన పనికి ఓటున్నదను వాదము చెల్లదు. సరిహద్దు శిబిరములనుండి వెళ్లి నిజాము సుంకపు నాకాలను పడగొట్టినవారిని కేంద్రప్రభుత్వము తరువాతికాలమున స్వాతంత్ర్యసమరయోధులుగా గుర్తించి పింఛను లిచ్చినది; అది న్యాయమే. అయితే సెప్టెంబరు 17కు ముందు చేసినదంతయు త్యాగము, తరువాత చేసినదంతయు నేరము నని పంచాంగము చూచి తీర్పు చెప్పుట న్యాయమనిపించుకొనదు. ఓటు వచ్చిన పిమ్మట మాత్రము కొలత మరింత కఠినము కావలయును. అందులో మాకు రెండు మాటలు లేవు.

కనిగిరి చెరువు కాలువలక్రింద సేద్యము చేయు మన రైతులకు ఒక సంగతి బాగుగ తెలియును. కాలువ తలదగ్గర నున్నవాడు తన తూమును నిండుగ తెరచుకొని, చివరి ఆయకట్టువానికి వంతు వచ్చునప్పటికి నీరు లేదనినచో ఆ కాలువ క్రింద శాంతి ఉండదు. తూము కొలత తలకును తోకకును ఒక్కటిగా నుండవలయును. క్షమయు అట్టిదే. గెలిచిన పక్షమువాడు కాలువ తలదగ్గర నున్నవాడు. ఓడిన పక్షమువాడు తోకయందున్నవాడు. ఇరువురికి ఒకే కొలత అను సూత్రమును విడిచినచో, క్షమయే కొత్త తగవులకు విత్తనమగును.

ఆ కొలత ఏది? మా మతమున మూడు ప్రశ్నలు చాలును. ఆ పని ప్రజాకార్యమునకై చేసినదా, స్వలాభమునకో పాతపగకో చేసినదా? చేయునప్పుడు ప్రాణహాని కలుగకుండ జాగ్రత్తపడెనా, లేదా? పోరాటము ముగిసిన పిమ్మట ఆయుధమును విడిచి, చేసినదానిని దాచక చెప్పెనా, లేదా? మూడింటికిని సరియైన జవాబు చెప్పగలిగినవానిని విడుచుటలో ఆలస్యము కూడదు. ఉద్యమపు ముసుగులో దోచుకొనినవానిని, పగ తీర్చుకొనినవానిని విడువనక్కరలేదు. వాడు ఏ జెండా పట్టెనన్నది అప్రస్తుతము. ప్రాణము తీసిన కేసులను ఒక్కొక్కదానిని న్యాయాధికారి విడిగా విచారింపవలయును. ఉరి తీయుట మాత్రము ఎన్నడును కూడదు.

ఇవి మా కల్పనలు కావు. క్రీస్తుకు పూర్వము 403లో ఏథెన్సు పౌరులు ముప్పదిమంది నిరంకుశులను కూలద్రోసిన పిమ్మట, గతమును తవ్వి పగ సాధింపరాదని ప్రమాణము చేసిరి. కాని ఆ ముప్పదిమందికి మాత్రము తమ అధికారకాలపు లెక్కలు ఒప్పజెప్పనిదే ఆ రక్షణ లేదనిరి. దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలాకు 1964లో యావజ్జీవ శిక్ష పడినది విధ్వంసక నేరమునకే. ఆయన 1990 ఫిబ్రవరి 11వ తేదీన విడుదలైరి. అధికారమునకు వచ్చినవారు తమవారిని మాత్రమే విడిచి ఊరకొనలేదు. 1995 నాటి శాసనము క్రింద సత్యనిర్ణయ సంఘమును నియమించి, ఇరుపక్షములవారును వచ్చి చేసినదానిని సంపూర్ణముగా చెప్పవలయునని నియమము పెట్టిరి. క్షమను కోరిన 7,112 మందిలో దానిని పొందినవారు 849 మంది మాత్రమే. బాధితులు ఆ సభలలో కూర్చుండి వినిరి, తామును మాటలాడిరి. ఆ సంఘము లోపములు లేనిది కాదు. అయినను సత్యము చెప్పినవానికే క్షమ అను నియమమును అది లోకమునకు చూపినది.

మన దేశమున నేటి స్థితి యేమి? రాజ్యాంగపు 72, 161 అధికరణములు రాష్ట్రపతికిని గవర్నరులకును శిక్షను తగ్గించుటకు, మాఫీ చేయుటకు అధికారమిచ్చుచున్నవి. విచారణలో నున్న కేసులను ప్రభుత్వ న్యాయవాది కోర్టు అనుమతితో ఉపసంహరింపవచ్చును. ఇవి మంచి పనిముట్లే. కాని అధికారము చేతులు మారినప్పుడెల్ల, వచ్చిన పక్షము తన అనుచరులపై నున్న కేసులను ఎత్తివేయుటయు, ఎదిరిపక్షమువారి కేసులను మాత్రము సాగనిచ్చుటయు అలవాటుగా మారినది. అందుచేతనే 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు, శాసనసభ్యులపైని, పార్లమెంటుసభ్యులపైని కేసులను ఆయా హైకోర్టుల అనుమతి లేనిదే ఉపసంహరింపరాదని ఆదేశింపవలసివచ్చెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 360వ సెక్షను, బాధితునికి చెప్పుకొను అవకాశమీయక కోర్టు ఉపసంహరణకు అనుమతి నీయరాదని శాసించినది. ఆలస్యముగ వచ్చినను ఇది సరియైన మార్పు. 1942 మొదలు మన క్షమలన్నిటిలో కొరవడినది సరిగా ఇదియే: నష్టపడినవాని మాట.

నష్టపడినవాడన నెవరు? కాల్చబడిన స్టేషనులో పనిచేయుచు గాయపడిన ఉద్యోగి. గుంపు రాళ్లకు గురియైన కానిస్టేబులు. తుపాకిగుండుకు కూలిన బాటసారి. చేయని నేరమునకు జరిమానా కట్టిన గృహస్థు. కొట్టు పోగొట్టుకొనిన రైతు. భర్త జైలుపాలు కాగా పస్తులున్న ఇల్లాలు. పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణము పిమ్మట 1952 డిసెంబరులో తెలుగునాట చెలరేగిన అలజడిలో రైళ్లు నిలిచిపోయినవి, స్టేషనులు దెబ్బతినినవి, కాల్పులలో ప్రాణములు పోయినవి. డిసెంబరు 19వ తేదీన ప్రత్యేకాంధ్రరాష్ట్ర ప్రకటన వెలువడినది. ఆ రాష్ట్రమును మనము అనుభవించితిమి. దానికి మూల్యము చెల్లించినవారి జాబితాను మాత్రము పూర్తిగ వ్రాసికొనలేదు. విడుదలైనవానికి ఊరేగింపు చేయు ఊరు, నష్టపడినవాని ఇంటిముందు ఒక్కక్షణమైన నిలువవలదా?

కావున మా సూచనలు స్పష్టముగ చెప్పుచున్నాము. ఏ ఉద్యమము ముగిసినను, క్షమకు నియమములను పేర్లు చూడకమునుపే ప్రకటింపవలయును. ఆ నియమములను అమలుజరుపు పని మంత్రుల చేతిలో కాక, న్యాయాధికారి చేతిలో నుండవలయును. కోరువాడు తాను చేసినదానిని బహిరంగముగ చెప్పవలయును. నష్టపడినవాడు వినబడవలయును; అతని నష్టమును ఖజానానుండి పూరింపవలయును. ఉద్యమఫలమును అనుభవించునది దేశమంతయు నైనప్పుడు, దాని ఖర్చు ఒక్కని ఇంటిమీద పడుట ధర్మము కాదు. అంతేకాక, నిన్నటి ఖైదీలు నేటి పాలకులైనప్పుడు, విచారణలేని నిర్బంధమును తాము తిట్టిన దినములను మరువరాదు.

దోషిని విడిచిపెట్టుటతో క్షమ ముగియదు. దోషికిని బాధితునికిని నడుమ నున్న లెక్కను, రాజ్యము తన భుజముపై వేసికొని తీర్చినప్పుడే అది పూర్తియగును. 1946లో మనము చెర తలుపులు తెరచితిమి. అది మంచి పని. ఆ తలుపును కొందరికి తెరచి కొందరికి మూసితిమి; అది తప్పు. ఎదుటి పక్షమువానికి సైతము తనవానికిచ్చిన కొలతతోనే న్యాయమిచ్చు ప్రభుత్వము మనకు కావలయును. అట్టి ప్రభుత్వమును కోరుటకు ముందు, మన ఊరి తగవులలో, మన పంటకాలువ వంతులలో, మన పార్టీల కేసులలో ఆ కొలతను మనము పాటింపవలయును. పాలకులు ప్రజలనుండియే పుట్టుదురు గదా!